బేకర్ ఇల్లంటే ఎర్ర ఇటుకల ఇల్లేనా?

ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ళకు ఈ మధ్య యూట్యూబ్‌లో తరచూ వినిపిస్తున్న మాట 'లారీ బేకర్ స్టైల్'. ప్లాస్టింగ్ లేని ఎర్ర ఇటుక గోడలు, వాటిలో చిన్న చిన్న కంతలు, ఒకచోట వంపు తిరిగిన గోడ, ఇంకోచోట గోడలో ఇరికించిన రంగు సీసాలు కనిపిస్తే చాలు, అది బేకర్ ఇల్లని చెప్పేస్తున్నారు. ఒక వీడియోలో దాన్ని 'కేరళ సంప్రదాయ ఇల్లు' అంటారు. మరో వీడియోలో 'సగం ఖర్చుతో ఇల్లు' అంటారు. మూడు మాటలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి, నిజంగా ఇల్లు కట్టుకునేవాళ్ళను అయోమయంలో పడేస్తున్నాయి.

ఆర్కిటెక్ట్ లారీ బేకర్ పుట్టింది ఇంగ్లాండులో. యుద్ధకాలంలో పనిచేసింది చైనాలో. కుటుంబంతో పదహారేళ్ళు బతికింది హిమాలయాల్లో. పేరు తెచ్చుకుంది కేరళలో. నాలుగు చోట్ల నుంచి ఏదో ఒకటి నేర్చుకున్న మనిషి కట్టిన ఇల్లు ఎక్కడి ఇల్లు అవుతుంది? దాంట్లో ఏది ఎక్కడి నుంచి వచ్చింది? ఖర్చు తగ్గేది నిజమేనా, నిజమైతే ఎక్కడ తగ్గుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

సంస్కృతులు కలవడంలో రెండు దారులు

ఒక ఆర్కిటెక్ట్‌కు చాలా దేశాల పరిచయం ఉందంటే, ఆ పరిచయం భవనంలోకి రెండు రకాలుగా రావచ్చు.

మొదటిది కంటికి కనిపించే రూపాల కలయిక. దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీని డిజైన్ చేసిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం వాడు. అంతకుముందు ఈజిప్టులో, కైరో పక్కన కొత్తగా లేచిన హీలియోపొలిస్ పట్టణంలో పెద్ద కట్టడాలు చేశాడు. ఇక్కడికి వచ్చాక అజంతా, ఎల్లోరా తరహా స్తంభాలనూ ఇస్లామీ కమానులనూ ఒకే ముఖద్వారంలో కూర్చాడు. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైట్ భవనం ముందు నిలబడితే, రెండు సంప్రదాయాలు పక్కపక్కన ఉన్నట్టు ఆర్కిటెక్చర్ తెలియనివాళ్ళకు కూడా కనిపిస్తుంది. కనిపించాలనే ఆయన అలా కట్టాడు.

రెండోది పద్ధతుల కలయిక. వేరే ఊరివాళ్ళు ఎండను, వానను, డబ్బు కొరతను ఎలా ఎదుర్కొంటున్నారో గమనించి, ఆ ఆలోచనను ఇంకోచోట వాడుకోవడం. ఇది పైకి కనిపించదు. గోడ లోపల ఉంటుంది, స్లాబులో ఉంటుంది. బేకర్‌ది ఈ రెండో దారి. ఆయన ఇళ్ళను 'స్టైల్' అనుకోవడం వల్లే తికమకంతా మొదలైందని నా అభిప్రాయం.

బర్మింగ్‌హామ్ నుంచి పితోరాగఢ్ దాకా

లారీ బేకర్ 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అది ఇటుకల నగరం. ఫ్యాక్టరీలు, కాలువ గట్లు, కార్మికుల ఇళ్ళు అన్నీ ఎర్ర ఇటుకే. ఆర్కిటెక్చర్ చదివిందీ అక్కడే. టీనేజీలోనే క్వేకర్ల వైపు వెళ్ళారు. క్వేకర్లు క్రైస్తవంలో ఒక చిన్న శాఖ. యుద్ధం వద్దంటారు, ఆడంబరం వద్దంటారు, ఉన్నది ఉన్నట్టు చూపించడమే మర్యాద అనుకుంటారు. గోడకు ప్లాస్టింగ్ చేసి రంగు వేయడం బేకర్‌కు ఎందుకు నచ్చేది కాదో అర్థం కావాలంటే డబ్బు లెక్క ఒక్కటే చాలదు, ఈ నమ్మకం కూడా తెలియాలి. ఇటుక అయితే ఇటుకలాగే కనిపించాలి, రాయి అయితే రాయిలాగే కనిపించాలన్నది ఆయన పట్టుదల.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఆయుధం పట్టకుండా, క్వేకర్ల ఆంబులెన్స్ దళంలో చేరి చైనా వెళ్ళారు. అక్కడ కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. ఆరోగ్యం దెబ్బతిని ఇంటికి తిరిగి వెళ్తూ, ఓడ కోసం బొంబాయిలో కొన్ని నెలలు ఆగాల్సి వచ్చింది. గాంధీని కలిసింది అప్పుడే. చైనాలో గుడ్డపీలికలతో కుట్టిన చెప్పులు బేకర్ కాళ్ళకు ఉండటం గాంధీ గమనించారట. ఇల్లు కట్టడానికి కావలసిన సరుకంతా ఆ చోటికి ఐదు మైళ్ళ లోపలే దొరకాలని గాంధీ అన్న మాట తన జీవితాన్ని మలుపు తిప్పిందని బేకర్ ఎన్నోసార్లు చెప్పుకున్నారు.

1945లో కుష్ఠు ఆస్పత్రుల కట్టడాల పని మీద భారతదేశం వచ్చారు. 1948లో కేరళకు చెందిన డాక్టర్ ఎలిజబెత్ జేకబ్‌ను పెళ్ళి చేసుకున్నారు. కొత్త దంపతులు ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని పితోరాగఢ్ కొండలకు విహారానికి వెళ్తే, ఆమె డాక్టరని తెలిసి చుట్టుపక్కల జనం రావడం మొదలుపెట్టారు. ఇక అక్కడే ఉండిపోయారు, పదహారేళ్ళు. ఇల్లూ ఆస్పత్రీ అక్కడే కట్టుకున్నారు.

నా దృష్టిలో బేకర్‌కు అసలు చదువు జరిగింది ఆ పదహారేళ్ళలోనే. బర్మింగ్‌హామ్‌లో నేర్చుకున్నది అక్కడ అక్కరకు రాలేదు. ఎదురుగా ఉన్నవి రాయి, బురద, పేడ, కర్ర. వాటితో ఏం చేయాలో ఆయనకు తెలియదు, ఊళ్ళో మేస్త్రీలకు తెలుసు. కొండవాలున ఇల్లు ఎటు తిరగాలో, మంచు గాలి ఎటు నుంచి వస్తుందో, ఏ రాయి ఎక్కడ ఆనాలో వాళ్ళను చూసి నేర్చుకున్నారు. డిగ్రీ ఉన్న ఆర్కిటెక్ట్ అక్షరం రాని మేస్త్రికి శిష్యుడు కావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు, ఈ రోజుల్లోనూ కాదు.

1963లో కేరళ వెళ్ళి కొన్నేళ్ళు వాగమణ్ కొండల్లో ఉన్నారు. ఆ తర్వాత తిరువనంతపురం చేరారు. అక్కడ ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్, ముఖ్యమంత్రి సి. అచ్యుత మేనన్ ఆయన పనిని గుర్తించారు. సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ క్యాంపస్‌ను ఉళ్ళూరులో ఒక గుట్ట మీద, ఉన్న చెట్లను ఉంచి, నేల వాలును చదును చేయకుండా కట్టారు. తర్వాత భారత పౌరసత్వం తీసుకున్నారు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007లో తిరువనంతపురంలోనే కన్నుమూశారు.

ఒక ఇటుకంత గాలి

బేకర్ పేరు చెప్పగానే వచ్చే మాట 'ర్యాట్ ట్రాప్ బాండ్'. బాండ్ అంటే గోడలో ఇటుకలు పేర్చే వరస. ఎలుకల బోనులా లోపల ఖాళీ గదులు ఏర్పడతాయి కాబట్టి ఆ పేరు.

మన దగ్గర మామూలుగా ఇటుకను పడుకోబెట్టి పేరుస్తారు. ర్యాట్ ట్రాప్‌లో ఇటుకను అంచు మీద నిలబెడతారు. లెక్క సులువుగా ఉండటానికి ఇటుక 9 అంగుళాల పొడవు, 4.5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం అనుకుందాం. మధ్యలో వేసే సిమెంటు మాలును పక్కన పెడదాం.

గోడ బయటి వైపు ఒక ఇటుక, లోపలి వైపు ఒక ఇటుక అంచు మీద నిలబడతాయి. ఒక్కోటి 3 అంగుళాల మందం. 9 అంగుళాల గోడలో వాటి మధ్య 3 అంగుళాల ఖాళీ మిగులుతుంది. ఆ జంట పక్కనే ఇంకో ఇటుకను అడ్డంగా, రెండు ముఖాలనూ కలుపుతూ నిలబెడతారు. ఈ ముక్క పొడవు 12 అంగుళాలు, ఎత్తు 4.5, మందం 9. దీనికి పట్టిన ఇటుకలు మూడు.

అదే కొలతలో మామూలు గోడ కడితే నాలుగు ఇటుకలు పడతాయి. తేడా ఒక ఇటుక, అంటే నాలుగో వంతు. లోపల మిగిలిన ఖాళీని కొలిచి చూడండి: 9 అంగుళాలు, 4.5 అంగుళాలు, 3 అంగుళాలు. సరిగ్గా ఒక ఇటుకంత గాలి. ఆ గాలి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. పడమటి ఎండ కొట్టే గోడకు ఈ తేడా బాగా తెలుస్తుంది. గోడ రెండు వైపులా నునుపుగా వస్తుంది కాబట్టి, మేస్త్రి చేయి మంచిదైతే ప్లాస్టింగ్ అవసరం ఉండదు. కరెంటు పైపులను, మూలల్లో నిలువు ఇనుప కడ్డీలను ఆ ఖాళీలోంచే పంపొచ్చు.

స్లాబులో పెంకులెందుకు?

రెండోది 'ఫిల్లర్ స్లాబ్'. ఇది అర్థం కావాలంటే స్లాబు బరువును ఎలా మోస్తుందో తెలియాలి. రెండు గోడల మీద ఆనిన స్లాబు మీద మనం నిలబడితే అది కంటికి కనిపించనంతగా కిందికి వంగుతుంది. అప్పుడు పై భాగం నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది. కాంక్రీటుకు నొక్కుడును తట్టుకునే బలం బాగా ఉంది, సాగుడును తట్టుకునే బలం చాలా తక్కువ. అందుకే కింద ఇనుప కడ్డీలు వేస్తాం. సాగే పని కడ్డీలది. వాటిని చుట్టి పట్టుకుని తుప్పు పట్టకుండా చూసేంత కాంక్రీటు ఉంటే చాలు. కడ్డీకి కడ్డీకి మధ్య కింది భాగంలో ఉన్న మిగతా కాంక్రీటు పెద్దగా పని చేయదు, పైగా దాని బరువును కూడా స్లాబే మోయాలి.

ఆ చోట తేలికగా ఉండే, చౌకగా దొరికే వస్తువు పెట్టేస్తే? బేకర్ పాత మంగళూరు పెంకులు పెట్టారు. కడ్డీల గళ్ళ మధ్య పెంకులు పరిచి, పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, బరువు తగ్గినందుకు ఇనుమూ కొంత తగ్గుతుంది. కింద నుంచి చూస్తే పెంకుల గళ్ళు అందంగా కనిపిస్తాయి. ఇదంతా సెంట్రింగ్ వేసి ఇంజినీరు లెక్క ప్రకారం చేయాల్సిన పని. మేస్త్రి అందాజాతో పెంకులు ఇరికిస్తే అది ఫిల్లర్ స్లాబ్ అవదు.

జాలీ, గుండ్రం గోడ

కిటికీకి చట్రం కావాలి, రెక్కలు కావాలి, ఇనుప చువ్వలు కావాలి, అద్దం కావాలి, పైన లింటెల్ కావాలి. గోడలో అత్యంత ఖరీదైన భాగం అదే. ఆ కిటికీ అన్నిచోట్లా దేనికని బేకర్ అడిగారు. గాలీ వెలుతురూ మాత్రమే కావలసిన చోట ఇటుకలను మధ్య మధ్య వదిలేసి జాలీ కట్టారు. దొంగ రాలేడు, గాలి వస్తుంది, నేల మీద వెలుగు చుక్కలు పడతాయి. ఉత్తరాది కోటల్లో రాతి జాలీలు చేసే పనిని ఆయన మామూలు ఇటుకతో చేయించారు.

గుండ్రం గోడల లెక్క కూడా చూడండి. 314 చదరపు అడుగుల గది కావాలి. 20 అడుగుల వ్యాసంతో గుండ్రంగా కడితే చుట్టూ గోడ దాదాపు 63 అడుగులు. చతురస్రంగా కడితే 71 అడుగులు. 10 అడుగుల వెడల్పుతో పొడవుగా కడితే దాదాపు 83. చోటు ఒకటే, గోడ ఖర్చు వేరు. అయితే గుండ్రం గదిలో బీరువా గోడకు ఆనదు, మంచం పక్కన చోటు వృథా అవుతుంది. కాబట్టి ఈ లెక్క లైబ్రరీకీ సమావేశ గదికీ కుదిరినంత బాగా పడకగదికి కుదరదు.

తిరువనంతపురం తంపానూరులోని ఇండియన్ కాఫీ హౌస్‌లో ఈ ఆలోచన ఇంకో మెట్టు ఎక్కింది. అక్కడ అంతస్తులు లేవు. గుండ్రంగా తిరుగుతూ పైకి పోయే ఒకటే వాలు నేల, దాని పొడవునా గోడ వెంట కట్టేసిన బల్లలు, గోడంతా జాలీ. ఇరుకు స్థలంలో అంతమందిని కూర్చోబెట్టడానికి అంతకన్నా నిరాడంబరమైన మార్గం నాకు తోచదు.

ఏది ఎక్కడిది?

'కేరళ సంప్రదాయం' అన్న మాట ఇక్కడ కొంచెం తడబడుతుంది. ర్యాట్ ట్రాప్ బాండ్ ఇంగ్లాండులో పందొమ్మిదో శతాబ్దంలో చిన్న ఇళ్ళకూ తోట గోడలకూ వాడినది. పాములా మెలికలు తిరుగుతూ, సన్నగా ఉన్నా పడిపోకుండా నిలిచే గోడలు ఇంగ్లాండులోని సఫోక్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నాయి. జాలీ ఉత్తర భారతానిది. నేల వాలును గౌరవించడం, మేస్త్రితో కలిసి సైటులోనే నిర్ణయాలు తీసుకోవడం పితోరాగఢ్‌లో అలవాటైనవి. పారేసే వస్తువును దాచి వాడటం క్వేకర్ ఇంటిదో, చైనాదో, రెండిటిదో. ఆయన సొంత ఇల్లు 'హ్యామ్లెట్' నిండా పాత తలుపులు, సీసాలు, పెంకు ముక్కలే.

కేరళ నుంచి ఆయన తీసుకున్నది తక్కువేమీ కాదు. కిందికి దిగిన చూరు, వాలు కప్పు, నడిమి ముంగిలి, గాలి అటూ ఇటూ ఆడే గదులు అన్నీ అక్కడివే. అయితే కేరళ పాత ఇళ్ళు ఎక్కువగా కర్రతో, ఎర్ర జేగురు రాయితో కట్టినవి. అలా బయటపడి కనిపించే ఎర్ర ఇటుక గోడ ఆ నేలకు బేకర్ తెచ్చిన కానుకే అనాలి. నలభై ఏళ్ళలో అది కేరళ గుర్తు అయిపోయింది. సంప్రదాయాలు ఇలాగే తయారవుతాయేమో. మిరపకాయ మనకు సముద్రం దాటి వచ్చిందన్న సంగతి గోంగూర పచ్చడి తింటున్నప్పుడు ఎవరికి గుర్తుంటుంది!

'సగం ఖర్చు' మాట ఎంత నిజం?

ఊరికే ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంటి ఖర్చు ప్రతి 100 రూపాయల్లో గోడ ఇటుకలకు 12 రూపాయలు పోతున్నాయనుకుంటే, ర్యాట్ ట్రాప్ వల్ల మిగిలేది అందులో నాలుగో వంతు, అంటే 3 రూపాయలు. అదొక్కటే ఇంటి ఖర్చును సగం చేయలేదు. ప్లాస్టింగ్, రంగులు, కిటికీల చట్రాలు, లింటెళ్ళు, స్లాబు సిమెంటు అన్నిట్లో కొంచెం కొంచెం తగ్గితేనే చెప్పుకోదగ్గ మొత్తం అవుతుంది. గోడ మాత్రం ర్యాట్ ట్రాప్‌లో కట్టి, మీద ప్లాస్టింగ్ చేసి, పుట్టీ పెట్టి, టేకు కిటికీలు బిగిస్తే మిగులు ఎక్కడా కనిపించదు.

విమర్శకులు ఇంకా ముందుకు వెళ్తారు. వాళ్ళ వాదనల్లో బలం ఉంది. ఈ పనికి ఇటుక బాగా కాలి ఉండాలి, కొలత సమానంగా ఉండాలి, మేస్త్రికి ఓపిక ఉండాలి. సామాను తగ్గి కూలి పెరుగుతుంది. కూలి తక్కువగా ఉన్న 1970లలో ఇది బాగా కలిసివచ్చింది. కూలి పెరిగిన కొద్దీ ఆ లాభం సన్నబడుతుంది. బేకర్ ఉద్దేశంలో మాత్రం డబ్బు సిమెంటు కంపెనీకి కాకుండా పనిచేసే చేతికి పోవడం నష్టం కాదు. లెక్క ఒకటే అయినా ఇంటి యజమానికీ సమాజానికీ జవాబు వేరుగా వస్తుంది.

ఇంకో విమర్శ వాన గురించి. ప్లాస్టింగ్ లేని ఇటుక నీళ్ళు పీలుస్తుంది, నాచు పడుతుంది. చూరు బాగా బయటికి ఉంటే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. వీడియోల్లో చూసి కట్టే ఇళ్ళలో గోడ వస్తోంది, చూరు రావడం లేదు.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది మరొకటి. బేకర్ పేదల కోసం చాలా ఇళ్ళు కట్టారు. అయినా ప్లాస్టింగ్ లేని గోడను గొప్పగా చూసుకున్నది ఎక్కువగా చదువుకున్న మధ్యతరగతి. జీవితమంతా మట్టి గోడల మధ్య బతికిన కుటుంబానికి నున్నగా రంగు వేసిన గోడ కావాలనిపిస్తే, అది పరువుకు సంబంధించిన కోరిక. దాన్ని తెలియనితనం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. బయటి నుంచి వచ్చిన మనిషి నిరాడంబరతను ఎంచుకోవడం వేరు, పేదరికంలో దాన్ని భరించడం వేరు.

పేదింటి బిడ్డే ఆర్కిటెక్ట్ అయితే?

ఈ ప్రశ్నకు పక్కనుంచి వెలుగు చూపించే మనిషి డిబేడో ఫ్రాన్సిస్ కెరె. బుర్కినా ఫాసోలోని గాండో ఊళ్ళో 1965లో పుట్టారు. ఊళ్ళో బడి లేక చిన్నప్పుడే ఇల్లు వదిలారు. వడ్రంగం నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్‌తో జర్మనీ వెళ్ళి, తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదివారు. చదువు పూర్తికాకముందే డబ్బు పోగుచేసి, 2001లో సొంత ఊళ్ళో బడి కట్టించారు. బేకర్ ఊరు వదిలి వచ్చి నేర్చుకుంటే, కెరె నేర్చుకుని ఊరికి తిరిగి వెళ్ళారు.

ఆయన మట్టితో కడతానంటే ఊరివాళ్ళు నమ్మలేదు. జర్మనీలో చదివినవాడు గాజూ కాంక్రీటూ తెస్తాడనుకున్నారు. ఆయన ఆ మట్టిలోనే కొంచెం సిమెంటు కలిపి దిమ్మెలు చేయించారు. రేకుల కప్పును గదుల పైకప్పుకు తగలకుండా ఎత్తుగా నిలబెట్టి, మధ్యలోంచి వేడిగాలి పోయేలా చేశారు. పనిలో ఊరంతా చేయి వేసింది. ఆ బడికి 2004లో ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. 2022లో కెరెకు ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆఫ్రికా నుంచి ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆయనే. మట్టి మీద ఊరి అపనమ్మకం బేకర్‌కు ఎదురైనటువంటిదే. కాకపోతే ఇక్కడ ఒప్పించింది సొంత బిడ్డ.

మన దగ్గర ఐదు మైళ్ళలో ఏముంది?

బేకర్ పద్ధతిని తెలుగు నేల మీద పెట్టి చూస్తే ప్రతి జిల్లాకూ వేరే ఇల్లు వస్తుంది. గోదావరి పక్కన లంకల ఒండ్రుమట్టి, బట్టీ కాల్చడానికి ఊక దొరుకుతాయి కాబట్టి అక్కడ ఎర్ర ఇటుక సహజమే. కానీ ఇటుక కోసం పొలాల పైమట్టి తవ్వేస్తున్నారన్న బాధ కూడా అక్కడ ఉంది. రామగుండం, ఇబ్రహీంపట్నం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద ఇటుక అందుబాటులో ఉంటుంది, దాంతోనూ ర్యాట్ ట్రాప్ కట్టొచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన గడ్డికప్పు. తుఫాను గాలికి ఎదురు నిలిచే మూల లేదు కాబట్టి గాలి చుట్టూ జారిపోతుంది. గుండ్రం గోడ పాఠం అక్కడివాళ్ళకు బేకర్ చెప్పాల్సిన పనే లేదు.

తాండూరు, బేతంచర్ల, కడప వైపు వెళ్తే కాళ్ళ కింద బండలే. రాయలసీమ మట్టి మిద్దెలు మందపాటి రాతి గోడల మీద దూలాలు వేసి, బండలు పరిచి, పైన చవుడు మట్టి పోసి కట్టినవి. మే నెలలో మధ్యాహ్నం పూట ఆ మిద్దె కిందికి వెళ్ళినవాళ్ళకు ఆ చల్లదనం గురించి చెప్పనక్కర్లేదు. అందుకే బేతంచర్లలో నిజంగా బేకర్ పద్ధతిన కట్టిన ఇంట్లో ఒక్క ఎర్ర ఇటుక కూడా లేకపోవచ్చు. అక్కడ అసలు చిక్కు వేరే ఉంది. మిద్దె మీద వానలకు ముందు కొత్త చవుడు పోయాలి. ఏ మట్టి నీటిని ఆపుతుందో, ఎంత మందం వేయాలో, నీళ్ళు ఎటు జారాలో తెలిసిన చేతులు ఊరికి ఒకటో రెండో మిగిలాయి, అవి కూడా ముసలి చేతులు.